కప్పు తట్టి చూసిన సైనికుడు

దయ్యాలున్నాయని ఎవరన్నా అంటే ఇప్పటికీ నేను కొట్లాటకే పోతాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని. మా వాడకట్టులో ఎవరికి గాలి సోకిందన్నా, "ముందు బీపీ చూపిచ్చుకోండ్రి" అని తిట్టి దవాఖానాకు పంపినదాన్ని. కాబట్టి ఇది చదివి నాకు తాయెత్తు కట్టుకోమని సలహాలివ్వకండి. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, అంతే.

నా బిడ్డ, దాని క్లాస్‌మేట్ నవీన్ కలిసి ఖమ్మంలో మిర్చి యార్డు పక్కన గది కిరాయికి తీసుకున్నారు. తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ రెండేళ్లుగా ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. వైకింగుల కథ. పొడుగు పడవల్లో సముద్రం దాటి వచ్చే పాతకాలపు చలిదేశాల దండు. తెర మీద గళ్లుంటాయి. పులి-మేక ఆటలో లాగ ఒక్కో సైనికుణ్ణి వంతులవారీగా జరపాలి. ఆడి తప్పులు పట్టే పని నాకిచ్చారు. ఆ విద్య నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అందులో గొడ్డలి సైనికుడు మా ఆయనే. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనిషి. చర్ల రోడ్డు పక్క అడవిలో ఆయన చేతికి గొడ్డలి, డాలుకు బదులు అన్నం వండే గంజు మూత ఇచ్చి, బిడ్డ ఫోన్లో నాలుగు వీడియోలు తీసింది. నడిచేది, కొట్టేది, కాచుకునేది, పడిపోయేది. వాటిని చూసి బొమ్మకు కదలికలు గీశారు. పడిపోయేటప్పుడు ఆయనకు నవ్వు ఆగక, మూడుసార్లు తీయాల్సొచ్చింది.

రెండు నెలలకు గుండె ఆగి ఆయన పోయారు.

గేమ్ మొదటి భాగాన్ని సోమవారం బెంగళూరులో ఒక కంపెనీకి చూపించాలి. వాళ్లకు నచ్చితే ఉంటుంది, లేకుంటే రెండేళ్ల పని మూట కట్టుడే. శుక్రవారం మధ్యాహ్నం నేను గుహ ఘట్టం ఆడుతున్నాను. గుహలోకి దారి ఒక్క గడి వెడల్పు. ముందు గొడ్డలి సైనికుడు పోవాలి, వెనక మిగతావాళ్లు. పొమ్మని నొక్కాను.

పోలేదు. గుహ నోటి దగ్గర ఆగి, గొడ్డలి తిరగేసి, కర్ర కామతో పైకప్పును మూడుసార్లు తట్టాడు. ఎడమ అరచేయి కప్పుకు ఆనించాడు. తల వంచి విన్నాడు.

బాయిలో అది ప్రాణం కాపాడే పని. తట్టితే గట్టి చప్పుడు రావాలి. డొల్ల చప్పుడొచ్చినా, అరచేతికి అదురు తగిలినా ఆ రాయి ఊడి మీద పడుతుందని లెక్క. పెళ్లైన కొత్తలో ఇల్లందులో కిరాయి ఇంటికి పోతే, ఆయన కట్టెతో ఆ ఇంటి కప్పును అచ్చం ఇట్లనే తట్టి చూశారు. నేను పకపకా నవ్వాను. మళ్లీ నా ముందు ఎప్పుడూ చేయలేదు. అప్పటికి బిడ్డ పుట్టనే లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

"ఏందే ఇది, కొత్తగ పెట్టిన్రా?" అన్నాను.

"మేమేం పెట్టలే అమ్మా."

నవీన్ ఫైళ్లన్నీ వెతికాడు. ఆ నాలుగు కదలికలే ఉన్నాయి. "ఆంటీ, లేనిది ఎట్ల ఆడుతుంది?" అని నన్నే అడిగాడు. ఇంకో కంప్యూటర్లో పెట్టి చూశారు. అక్కడా తట్టుడే. ఆయన కదలడు, వెనక ఎవరినీ పోనియ్యడు. శనివారం సాయంత్రం దాకా ఇదే వరస.

చివరికి నవీన్ నేల చూపులు చూస్తూ, ఆ సైనికుణ్ణి తీసేసి వేరే బొమ్మ పెడదామన్నాడు. నా బిడ్డ చున్నీ నోట్లో కుక్కుకుంది. "నాయినను నేనెట్ల తీసేయాలమ్మా?"

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. తెర ముందుకు పోయి ఇంట్లో అరిచినట్టే అరిచాను. "ఇగ చాలు, జరుగు! మీద పడేది ఏం లేదు అక్కడ. పిల్ల బతుకుదెరువుకు అడ్డం నిలబడ్డవ్. పో లోపలికి!"

నేను మౌస్ ముట్టలేదు. ఆయన చేయి దించాడు. లోపలికి పోయాడు.

సోమవారం చూపించారు. కంపెనీకి నచ్చింది.

అది కంప్యూటర్ తప్పేనని ఇప్పటికీ వాదిస్తాను. ఏం తప్పో మాత్రం నవీన్‌కు కూడా దొరకలేదు.

బిడ్డకు తెలియకుండా, ఆయన ఆగిన ఆ శుక్రవారం నాటి కాపీ నా లాప్‌టాప్‌లో దాచుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక తెరుస్తాను. ఆయన్ను గుహ దాకా తెచ్చి పొమ్మని నొక్కుతాను, ఆగుతాడేమోనని. ఇన్నేళ్ల కాపురంలో నా అరుపుకు ఒక్కసారి కూడా జంకని మనిషి, పైకప్పు దిక్కు కూడా చూడకుండా నేరుగా లోపలికి పోతాడు.