ఐదో రోజు దాకా ఆగమన్న అప్ప

సోమవారం పొద్దున పిల్లలకు జడలు వేస్తుంటే ఇక్కడే, కలకత్తా గార్డెన్ రీచ్‌లోని అప్ప ఇంటి నుంచి ఫోను వచ్చింది. అప్ప పోయింది. ముందురోజు చర్చిలో ఆరాధన అయ్యాక నడిచి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. తెచ్చేసరికి లేదు. ఫోను పెట్టేశాక, నా చేతిలో సగం అల్లిన జడ ఇద్దరిలో ఎవరిదో ఒక్క క్షణం నాకు తెలియలేదు.

ఆవిడ నాకు తోబుట్టువు కాదు. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. పిల్లలు కలగనివాళ్ళకు వైద్యం చేసే ఆస్పత్రిలో ఆవిడ నర్సు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కాగితం మీద పేరు చూసి దగ్గరికొచ్చి, "తెలుగోలేనా? ఏ ఊరమ్మా మీది?" అంది. చుట్టూ బెంగాలీ గుసగుసల మధ్య ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో, పిల్లలెందుకు లేరన్న ప్రశ్న తప్ప ఇంకోటి నన్ను ఎవరడిగారు?

చేతులు చల్లగా ఉంటే అప్ప ఎవరినీ ముట్టుకునేది కాదు. అరచేతులు రెండూ రుద్దుకుని, చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు సూది అందుకునేది. సూది వేస్తున్నంతసేపూ సన్నగా ఏదో కీర్తన పాడేది. చరణం మధ్యలో ఆపేసి, "మిగతాది రేపు" అనేది. ఆ మిగతా చరణం కోసమే వెళ్ళిన రోజులున్నాయి.

నా అండాలు తీసి, ల్యాబులో మా ఆయన వీర్యకణాలతో కలిపాక నాలుగు పిండాలు ఏర్పడ్డాయి. మూడో రోజున రెండింటిని గర్భంలో పెడతామన్నారు. సరిగ్గా ఆ రోజే బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. పొద్దున్నే అప్ప ఫోను చేసింది.

"ఐదో రోజు దాకా ఆగుదామంటన్నారు డాక్టరుగారు. గట్టివేవో అప్పటికి తెలుస్తాయంట."

"ఒక్కటీ మిగలకపోతే అప్పా?"

"మిగలకపోతే మిగల్లేదని తెలుస్తాది. అదీ తెలియాలి గదమ్మా" అంది.

ఆ రెండు రోజులూ నిద్రో మెలకువో తెలియకుండా గడిచాయి. వీధి నిశ్శబ్దంగా ఉంది. నది వైపు నుంచి ఓడ కూత ఒకటి వచ్చి, పొగమంచులా ఇంట్లో పరుచుకుని, మెల్లగా కరిగిపోయేది. ఈ ఊళ్ళోనే ఎక్కడో, అద్దాల వెనక, వెచ్చని చీకట్లో నావాళ్ళు నలుగురు ఉన్నారని తలుచుకుంటూ పడుకున్నాను. వాళ్ళకు బంద్ సంగతి తెలియదు.

ఐదో రోజుకు ఒక్కటే మిగిలింది. లోపల పెడుతున్నప్పుడు మసక తెర మీద మెరుపు చుక్క ఒకటి జారింది. అప్ప నా చెవి దగ్గరికి వంగి, "ఒచ్చీసింది అమ్మా, ఇంటికొచ్చీసింది" అంది.

కొన్ని వారాల తరువాత స్కాన్‌లో రెండు గుండెలు కొట్టుకున్నాయి. సంతోషం ఇంటిదాకా కూడా నిలవలేదు.

"ఒకటెట్టితే రెండెలగొచ్చాయి? ఎవులిదో కలిపీసినారు" అంది మా అత్త. మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడమే నన్ను కోసింది. నాలుగు రోజులకు ఆ అనుమానం నాకూ పట్టుకుంది. ఆస్పత్రికి వెళ్ళి అప్పను నిలదీశాను. "నిజం చెప్పు. పొరపాటు జరిగిందా?"

కోప్పడలేదు. "పెట్టింది ఒక్కటే. నా కళ్ళతో సూసినాను. లోపలికెళ్ళాక అదే రెండుగా విడిపోనాది. వైద్యం లేకుండా కడుపు పండినోళ్ళకీ అలగవుతాది. మూడో రోజు పెట్టినోళ్ళకన్నా ఐదో రోజు పెట్టినోళ్ళలో కొంచెం ఎక్కువ సూస్తన్నారంట. ఎందుకో డాక్టర్లకే ఇంకా సరిగ్గా తెల్దు" అంది.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. తెల్లచీరలోనే మా అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, అనుమానముంటే నన్నడుగు. ఈ పిల్లనడక్కు."

అత్త అడిగింది. సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది. చివరికి లేచి టీ పెట్టింది. నమ్మిందని కాదు, అలిసిపోయింది.

ఒకే పిండం నుంచి వచ్చిన ఇద్దరూ కడుపులో ఒకే మాయను పంచుకున్నారు. రక్తం ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అందే ప్రమాదం ఉందన్నారు. రెండు వారాలకోసారి స్కాన్. ప్రతిసారీ అప్ప తన అన్నం డబ్బా పక్కన పెట్టి వచ్చి నా తల దగ్గర నిలబడేది. ఎనిమిదో నెలలో చిన్నదాని ఎదుగుదల ఆగింది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి ఇద్దరినీ బయటికి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది మూడు వారాలు గాజుపెట్టెలో ఉంది.

పెట్టెలోని పిల్లను అత్త చాలాసేపు చూసింది. మళ్ళీ నా పక్కలో ఉన్న పెద్దదాన్ని చూసింది. దాని చెవి తమ్మె వేలితో తాకి, "మావోడి సెవులే. రెండోదానికీ ఆ సెవులే" అని, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మా ఆయన ఆ పూట నా మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

"నిన్ను అనుమానించానప్పా" అన్నాను ఇంటికొచ్చే రోజు.

"మోసినదానివి నువ్వు. నువ్వడక్కపోతే ఇంకెవులడుగుతారు?" అంది.

పుట్టినరోజులకు పిలిస్తే మాత్రం వచ్చేది కాదు. "నన్నెవులని సెప్తావు పదిమందిలో? ఆస్పత్రి సంగతి బయటపడిపోతాది. వద్దులే. నువ్వే తీసుకొచ్చి సూపించు" అనేది. ఏటా తీసుకెళ్ళేదాన్ని. ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

సమాధి కార్యక్రమానికి పిల్లలతో వెళ్ళాను. చర్చిలో వెనక బల్లల నిండా నాలాంటి ఆడవాళ్ళే. శాంతిపురి నేతచీరలు, బురఖాలు, నీలం స్కూలు యూనిఫాంలో పిల్లలు. మీరేమవుతారని అప్ప తమ్ముడు ఒక్కొక్కరినీ అడుగుతుంటే, అందరూ బెంగాలీలో "చెనా" అంటున్నారు. తెలిసినవాళ్ళం అని. నేనూ అదే అన్నాను. పక్కావిడ నా కవలలను చూసింది. నేను ఆవిడ కొడుకును చూశాను. ఇద్దరం కళ్ళు దించుకున్నాం.

బయట వాన వెలిసింది. పిల్లలు మా చేతులు విడిపించుకుని ఆవరణలోకి వెళ్ళారు. గేటు దగ్గర నీళ్ళు నిలిచాయి. పిల్లల్లో ఒకరి పేరొకరికి తెలియదు. ఒకరి చెయ్యొకరు పట్టుకుని ఒక్కొక్కరే ఆ నీళ్ళు దాటుతున్నారు. దాటినవాళ్ళు అవతల ఆగి, వెనకవాళ్ళకు చెయ్యి చాపుతున్నారు.