మరిగించిన నీళ్ళు

మా నాన్న చెంచాతో అన్నం తినేవాడు. ఆ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలోని మా అద్దె ఇంటికి చుట్టాలెవరైనా వస్తే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. దొరగారిలా చెంచా ఏమిటని పక్కింటివాళ్ళు ఆట పట్టిస్తే తనూ నవ్వేసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

రైలు పెట్టెల పాత సామాన్లు కడిగే ఒక కాంట్రాక్టరు కార్ఖానాలో ఆయన పని. మరిగే కాస్టిక్ సోడా తొట్టిలో ఇనుప సామాను ముంచి, తీసి, బ్రష్షుతో తోమాలి. చేతులకు తొడుగులు ఇచ్చేవారు కాదు. వేళ్ళ మీద చర్మం ఊడిపోయి, కూరలో కారం తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది.

డెబ్బైల మొదట్లో నేను ఊళ్ళోనే ఒక ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాను. నూనె మిల్లు కాలవ మట్టిలోంచి తీసిన ఒక బ్యాక్టీరియాను అక్కడ పెంచేవాళ్ళం. జిడ్డును కరిగించి తినడానికి అది ఒక రసం వదులుతుంది. దాన్నే ఎంజైమ్ అంటారు. గోరువెచ్చని నీళ్ళలో ఆ రసం కలిపి సామాను నానబెడితే, ఆముదమూ కొవ్వూ కలిసిన పాత గ్రీజు ఒక పూటలో వదిలిపోయేది. మోచేతిదాకా ముంచి చూసుకున్నాను. మంట లేదు. ఇక నాన్న చేత్తో అన్నం కలుపుకుంటాడని నాకు ఒకటే సంబరం.

మా ప్రొఫెసరుగారిని బతిమాలి రెండు జాడీల రసం తెచ్చాను. రెండు నెలలు పెంచితే వచ్చింది అంతే. కార్ఖానా ఫోర్‌మన్ బెంగాలీ ఆయన. ఒక్క పూట చూస్తానని, పనిచేస్తే కాస్టిక్ తొట్టి తీయించేస్తానని అన్నాడు. నాకు ఉదయం సెలవు దొరకలేదు. జాడీలు నాన్నకిచ్చి, కాస్టిక్ లేని తొట్టి నీళ్ళలో కలిపి సామాను వేసి ఉంచమన్నాను.

మధ్యాహ్నం వెళ్ళేసరికి సామాను జిడ్డుతో అలాగే ఉంది. తొట్టి కింద బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఏటి నానా ఇది? మరిగించినావా?"

"మరక్కపోతే మురికెలాగొదుల్తాదిరా? నీ పేరు నిలబడాలని, పొద్దు పొడవకముందే లేసి రెండు బుట్టల బొగ్గు ఎక్కువేసినాను."

ఇరవై ఏళ్ళు మరిగే తొట్టి దగ్గర బతికిన మనిషికి చల్లని తొట్టి అంటే పని ఎగ్గొట్టడమే. మరిగిస్తే ఆ రసం చచ్చిపోతుందని నేను చెప్పలేదు. అంత చదివిన వెధవకు చెప్పాలని తోచలేదు. తప్పు నాదైనా, అందరి ముందూ "సంపేసినావు!" అని ఆయన మీద అరిచాను. దేన్ని చంపాడో కూడా తెలియక నాన్న చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఛోడో బాబా, కాస్టిక్ హీ ఠీక్ హై" అన్నాడు ఫోర్‌మన్, ఇది వదిలెయ్, కాస్టిక్కే నయమని, జాలిగానే. మళ్ళీ అడిగితే అతనూ ఒప్పుకోలేదు, ప్రొఫెసరుగారూ ఒప్పుకోలేదు.

నాన్న ఇంకో తొమ్మిదేళ్ళు ఆ తొట్టిలోనే చేతులు పెట్టాడు. చివరికి చెంచా కూడా పట్టుకోలేక, అమ్మ ముద్దలు పెడితే తినేవాడు. ఒక మధ్యాహ్నం ముద్దకీ ముద్దకీ మధ్య ఆగి, "ఒరే, ఆ నీళ్ళు మరోపాలి తేరా. ఈపాలి నాను మరిగించన్లే" అన్నాడు.

అలాగే నానా, తెస్తాను అన్నాను. ప్రయోగశాలలో ఆ పని ఆపేసి అప్పటికే చాలా ఏళ్ళయింది.