అడిగినదానికి జవాబు

నలభై ఐదేళ్ళొచ్చినా ఆసుపత్రి లాండ్రీలో అందరికీ అతను దుప్పట్లబ్బాయే. దుప్పటి అంచుకి అంచు కలిపి, అరచేత్తో మూడుసార్లు నిమిరితే తప్ప పక్కన పెట్టడు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేక చెవివైపు చూసి మాట్లాడతాడు. అబద్ధం మాత్రం చచ్చినా ఆడలేడు. చిన్నప్పుడు ఆటిజం అని తేల్చిన డాక్టరుతోనే "మీ నోరు కంపు కొడుతోంది" అన్న ఘనుడు. ఇప్పుడు అమ్మకి మతిమరుపు జబ్బు. రోజంతా ఒకటే ప్రశ్న: "నాన్నగారు వచ్చారా?" అతను ఉన్నదున్నట్టు, "నాన్న పోయి ఆరేళ్ళయిందమ్మా" అనేవాడు. ఆ కబురు అప్పుడే విన్నట్టు ఆవిడ ప్రతిసారీ గుండెలు బాదుకునేది. "వస్తున్నారని చెప్పరా, నీ సొమ్మేం పోయింది?" అని అక్క తల పట్టుకుంది. "రారు కదక్కా" అన్నాడు, అక్క చెవివైపు చూస్తూ.

ఆ ఆదివారం దిగులుగా ఇంట్లో తువ్వాళ్ళన్నీ దించి, మడతలు విప్పి, మళ్ళీ మొదటినుంచీ మడిచాడు. ఆఖరిది నిమురుతుండగా అమ్మ మళ్ళీ అడిగింది. అతని చెయ్యి ఆగింది. కాసేపు ఆలోచించి, "రాలేదమ్మా" అన్నాడు. అడిగినదానికి అదే నిజం మరి. "సరేలే, నెమ్మదిగానే రానీ" అని ఆవిడ నిశ్చింతగా కాళ్ళు చాపుకుంది. సాయంత్రంలోగా ముప్పైసార్లు అడిగి ఉంటుంది. అక్క వినలేక వంటింట్లోకి పోయింది. అతను మాత్రం ప్రతిసారీ అదే గొంతుతో, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. బడి బస్సు వచ్చిందా అని ఒకప్పుడు రోజూ పొద్దున్నే ముప్పైసార్లు అడిగేవాడు. ఒక్కసారైనా విసుక్కోకుండా, "రాలేదు కన్నా" అని అమ్మ చెప్పింది కూడా సరిగ్గా ఈ గొంతుతోనే.