చూపు పోయాక పగడాల ట్యాంకు

గుంటూరు నుంచి ఆ ఫోను రాకపోయి ఉంటే నేను మళ్ళీ ఉప్పునీళ్ళ జోలికి పోయేదాన్ని కాదేమో.

నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఇంట్లో ముందుగది గోడ పొడుగునా గాజు ట్యాంకు పెట్టి సముద్రపు చేపల్ని, ప్రాణమున్న పగడాల్ని పెంచేదాన్ని. వడకట్టిన నీళ్ళలో అందుకోసమే అమ్మే ఉప్పు కలిపి, మిరప చేల మధ్య ఊళ్ళో నా మటుకు నేను కాస్త సముద్రం తయారుచేసుకునేదాన్ని. తర్వాత కళ్ళకు గ్లాకోమా వచ్చింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. పక్కల నుంచి చూపు మూసుకుంటూ వచ్చింది. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి తాళంచెవి కంతలోంచి చూసినట్టు ఒక చిన్న ముక్క మిగిలింది, అదీ పొగ పట్టినట్టు. ఉద్యోగం మానేశాను. పగడాల్ని, చేపల్ని గుంటూరులో ఇదే పిచ్చి ఉన్న ఒక పెద్దమనిషికి ఇచ్చేశాను. ఖాళీ ట్యాంకు మీద మా ఆయన దుప్పట్లు మడిచి పెట్టుకున్నారు.

రెండేళ్ళ తర్వాత ఆ పెద్దమనిషి ఫోను చేశాడు. నేనిచ్చిన తోలు పగడం, తోలులా మెత్తగా ఉండే రకం, పళ్ళెమంత అయిందట. ఒక ముక్క కోసి రాతికి అంటిస్తే వేళ్ళూనుకుందట. తీసుకెళ్తారా అని అడిగాడు. వద్దండీ, కనపడని దాన్ని ఏం చేసుకోను అన్నాను. ఫోను పెట్టేశాక పళ్ళెమంత అంటే ఏ పళ్ళెమో, టిఫిను పళ్ళెమో అన్నం పళ్ళెమో అడగలేదే అని మనసు పీకుతూనే ఉంది.

మా ఆయన పిడుగురాళ్ళలో ఒక సున్నపుబట్టీ ఆఫీసులో పనిచేస్తారు. పొద్దున బస్సెక్కితే చీకటి పడే వేళకి వస్తారు. ఒక రాత్రి ఆయనతో మళ్ళీ ట్యాంకు పెట్టుకుంటానని చెప్పాను.

"చూడలేవు గదా, మళ్ళీ ఎందుకే అదంతా?" అన్నారు. కోపం కాదు, భయం. తడి చేతులు, కరెంటు ప్లగ్గులు, ఇంట్లో ఒక్కదాన్నే.

"పొద్దున లేస్తే నా చేతి మీద బతికేది ఒకటన్నా ఉండాలండీ," అన్నాను.

ఆయన ప్లగ్గులన్నీ నా తలకంటే ఎత్తులో పెట్టించారు. షాకు కొట్టకముందే కరెంటు ఆగిపోయే స్విచ్చి వేయించారు.

పని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. మాట్లాడే థర్మామీటరు నీళ్ళ వేడి చెబుతుంది. ఉప్పు ఎంతుందో తెలియడానికి ఒక సీసాను అంచుదాకా నింపి మాట్లాడే తూకం మీద పెడతాను. బరువు పెరిగితే ఉప్పు పెరిగినట్టు. మందు సీసాలకు రబ్బరు బ్యాండ్లు వేసి గుర్తుపడతాను. పంపు మోటారు చప్పుడు వింటూనే వంట చేస్తాను. కరెంటు పోతే ఫాను ఆగిందని కాదు, ఆ చప్పుడు ఆగిందని ట్యాంకు దగ్గరికి వెళ్ళి నిలబడతాను. పల్నాడు ఎండల్లో నీళ్ళు వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. ఉన్నది గుంటూరు నుంచి తెచ్చుకున్న తోలు పగడం ముక్క, ఒక జత నారింజరంగు క్లౌన్ చేపలు. నీళ్ళలో వేలు పెడితే వచ్చి పొడిచేవి. రెండు పోట్లు తగిలితేనే నాకు ఆ పూట మనశ్శాంతి.

పగడాలకు సున్నం కావాలి. మందుల కొట్లో దొరికే మంచి సున్నం నీళ్ళలో కలిపి, ట్యాంకు పైన ఒక డబ్బాలో పోసి, సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా దింపుతాను. గొట్టానికి నొక్కు బిళ్ళ ఉంటుంది. వదులు చేస్తే ధార పెరుగుతుంది. రోజూ లారీల సున్నం చూసే మనిషి, చిన్న డబ్బా సున్నాన్ని నేనంత జాగ్రత్తగా దాచుకుంటుంటే నవ్వుకునేవారు. కానీ అది ఎక్కువైతే విషమే. అందుకే చుక్కల చప్పుడు వింటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగిపోయింది. గొట్టంలో సున్నం పేరుకుని అడ్డుపడడం మామూలే. నొక్కు కొంచెం వదులు చేశాను. చప్పుడు రాలేదు. ఇంకొంచెం వదులు చేశాను. రాలేదు. సాయంత్రం మా ఆయన వచ్చాక చూస్తారులే అని గిన్నెలు కడగడానికి వెళ్ళాను.

తిరిగొచ్చి చేపలకు మేత వేయబోతూ వేలు నీళ్ళలో పెట్టాను. ఏదీ రాలేదు. వేలు ఆడించాను, మేత చల్లాను. రాలేదు. నా కంటికున్న కంత గాజుకు ఆనించి చూస్తే నీలం లైటు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. అది నీళ్ళలో ఉన్న తెలుపో, నా కంటిలో ఉన్న తెలుపో తేల్చుకోలేకపోయాను. ఆ మిగిలిన ముక్క కూడా పోతోందేమో. గోడ గడియారం వైపు తిరిగి చూశాను. దాని ముల్లు కనపడింది. అయితే తెలుపు నీళ్ళదే.

గాజు మీదుగా చేయి కిందికి దించితే ఒకచోట సబ్బునీళ్ళు తగిలినట్టు వేళ్ళు జారాయి. గొట్టం పక్కకు జరిగి గాజుకు ఆనుకుని ఉంది. నీళ్ళు చుక్కలుగా పడకుండా గాజు వెంట చప్పుడు లేకుండా దిగుతున్నాయి. అడ్డుపడిందనుకుని నేను వదులు చేస్తూ పోయాను. డబ్బా ఎత్తితే తేలిగ్గా లేచొచ్చింది, సున్నపునీళ్ళన్నీ ట్యాంకులోకి దిగిపోయాయి.

పక్కింట్లో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. అక్కడి ముస్లిం అమ్మాయి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కిటికీలోంచి పిలిచాను. నా గొంతు విని ఏమనుకుందో, పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళు ఎట్టా ఉన్నాయో చూసి చెప్పమ్మా."

"మజ్జిగల్లే ఉన్నాయక్కా. లోపల ఏమీ కనపట్లా."

గుంటూరు పెద్దమనిషికి ఫోను చేశాను. ఆయన కంగారు పడకుండా చెప్పాడు. ఉత్త సోడా కొంచెంకొంచెంగా పోయండి, అందులోని గ్యాసు సున్నం ఘాటును విరుస్తుంది, ఒక్కసారిగా మాత్రం పోయొద్దు, ఆ తర్వాత కొన్ని నీళ్ళు మార్చండి అన్నాడు. తియ్యటిది కాదు, ఉత్త సోడా తెమ్మని ఆ అమ్మాయిని కొట్టుకు పంపాను. తెచ్చిన సోడా మూత తీసి, గ్లాసులో పోసి, నా చేతికిచ్చి, కూర్చుని తాగమంది. నాకు కళ్ళు తిరుగుతున్నాయనుకుంది పాపం.

"నాక్కాదమ్మా, చేపలకి."

ఆమె నవ్వలేదు. నేను పంపు ముందు కొద్దికొద్దిగా పోస్తుంటే గాజుకు మొహం ఆనించి చూస్తూ నిలబడింది. ఒకసారి ఎక్కువ పడింది. ఆగి, మళ్ళీ పోశాను. కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు ఇద్దరం బక్కెట్లతో మోసి మార్చాం. తెలుపు కాస్త పలచబడ్డాక ఆమెకు ఒక చేప కనిపించింది.

"మూలన ఉందక్కా. నోరు తెరుస్తా మూస్తా ఉంది. చానా ఆయాసపడతంది."

"రెండోది?"

"కనపళ్ళా."

చేయి భుజందాకా దించి రాళ్ళ వెనక తడిమాను. పంపు జాలీకి అంటుకుని దొరికింది. అరచేతిలో పెట్టుకుంటే కదల్లేదు. రెండింటిలో పెద్దది, ఆడది. తోలు పగడం ముడుచుకుని పిడికిలంత అయింది. పైన జిగురు.

మా ఆయన వచ్చేసరికి గదంతా తడి. ఏమంటారోనని గుమ్మం దగ్గరే జరిగిందంతా చెప్పేశాను. ఆయన చెప్పులు విప్పి, గుడ్డ తెచ్చి నేల తుడిచారు. తుడవడం అయ్యాక, "రేపటికి ఉప్పునీళ్ళు ఎన్ని కలపాల?" అని మాత్రం అడిగారు.

ఆ తర్వాత చాలా రోజులు పగడం బతుకుతుందో లేదో తెలియలేదు. పొద్దున్నే పగడాన్ని వేలితో తాకి, ఆ వేలు వాసన చూసేదాన్ని. కుళ్ళితే కోడిగుడ్డు చెడిన వాసన వస్తుంది. దాన్ని వెంటనే తీసేయకపోతే మిగిలిన చేపా పోతుంది. తొందరపడి తీసేస్తే బతికున్నదాన్ని పారేసినట్టవుతుంది. వాసన వచ్చిందేమోనని అనుమానం వస్తే ఆ అమ్మాయినీ పిలిచి చూపించేదాన్ని. లేదక్కా, నీచు వాసనే అనేది. మేత పట్టించుకోని చేప మొదటిసారి నోరు కదిపిందని చెప్పింది కూడా ఆమే.

ఒక ఉదయం పగడం మీద చేయి వేయగానే పొర ఒకటి ఊడి వేళ్ళకు చుట్టుకుంది. ముక్కలైపోతోందని ప్రాణం పోయినంత పనైంది. చేయి కదపకుండా అలాగే ఉంచి ఆమెను కేకేశాను.

"పాల మీద మీగడల్లే వస్తందక్కా. దాని కింద సన్నసన్న పూలున్నాయి. కదులుతున్నాయి."

తోలు పగడాలు చెడ్డరోజులు గడిచాక పైపొర వదిలేస్తాయని నేనే పిల్లలకు చెప్పిన పాఠం. చేతికి వచ్చినప్పుడు గుర్తు రాలేదు.

సున్నపునీళ్ళు ఇప్పుడు డబ్బాలో పెట్టను. దగ్గర కూర్చుని చెంచాతో పోస్తాను. మా ఆయన గుంటూరు పెద్దమనిషికి ఫోను చేసి, ఒంటరి చేపకు జత అడిగారు. మగచేప ఒక్కటే మిగిలితే అదే ఆడదిగా మారుతుందనీ, దానికంటే చిన్నది తేవాలనీ నేను చెబితే, నిజమేనా అని రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం గుంటూరు బస్సెక్కాం.

తిరుగు ప్రయాణంలో నీళ్ళ సంచి నా ఒళ్ళో ఉంది. చేప తోక కవరుకు తగిలినప్పుడల్లా అరచేతికి తెలిసేది. ఫిరంగిపురంలో బస్సు ఆగింది. ఎండకు రేకులు కాగుతున్నాయి. తోక తగలడం ఆగింది. బతికుందా అని అడిగాను. ఆయన సంచిని కిటికీ దగ్గరికెత్తి చూసి, ఉందిలే అన్నారు. కాసేపాగి మళ్ళీ అడిగాను. అప్పుడు సంచి తన ఒళ్ళోకి తీసుకుని, తడి తువాలు చుట్టి, ఇంటికి చేరేదాకా నేను అడక్కుండానే మధ్యమధ్య "ఉంది" అంటూ వచ్చారు.

ఆ సాయంత్రం పాతది కొత్తదాన్ని తరిమింది. పక్కింటి అమ్మాయి పొయ్యి మీద కూర వదిలి వచ్చి చూసింది. రెక్క చినిగిందా అని అడిగాను. చినగలేదు, ఇప్పుడు రెండూ ఒక్క మూలనే ఉన్నాయంది. రేపు మిషను ముందు కూర్చునే ముందు ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాను. వచ్చింది.