దుప్పటి మీద కాకులు

వీధి మలుపులో జాకెట్లు కుట్టే టైలరమ్మ చేతిలో ఎన్ని నెమళ్ళు పుట్టాయో లెక్కలేదు. వీపు మీద నెమళ్ళు, చేతుల మీద నెమళ్ళు. అడిగినవాళ్ళకి అడిగినట్టు కుట్టిపెట్టేది. తనకోసం మాత్రం ఒకప్పుడు కాకులు మొదలుపెట్టింది. మంచం దుప్పటి మీద ముప్పై కాకులు, ఒకదానిలా ఇంకొకటి ఉండకుండా. ఒకటి ఈకలు సర్దుకుంటూ, ఒకటి రొట్టెముక్క నోట కరుచుకుని, ఇంకొకటి ఒంటికాలి మీద కునుకు తీస్తూ.

పంతొమ్మిదో కాకి పూర్తయ్యేసరికి ఆడపడుచు కంట పడింది. "ఏమే, లోకంలో పిట్టలే కరువయ్యాయా? చిలకల్ని కుట్టుకోకూడదూ?" అని చుట్టాలందరి ముందూ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది. తానూ నవ్వానన్నదే ఆమెకి చాలాకాలం మింగుడుపడలేదు. దుప్పటి బీరువా అడుగుకి చేరింది. తర్వాత పద్నాలుగేళ్ళూ ఎవరిదో ఒకరిది అర్జంటు జాకెట్టే.

మొన్న వేసవిలో ఆడపడుచు వచ్చి, ఇస్త్రీ బల్ల మీదికి మందపాటి గుడ్డ కావాలంది. "ఆ కాకుల దుప్పటి ఊరికే పడి ఉందిగా" అంటూ బీరువాలోంచి తనే లాగి, కత్తెర అందుకుంది.

"కత్తెర కింద పెట్టండి వదినా."

"ఏంటీ?"

"అది ఇంకా పూర్తి కాలేదు. కుడుతున్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే."

మర్నాడు షాపు తలుపుకి అట్టముక్క వేలాడింది: ఒంటిగంట నుంచి రెండు దాకా సొంత పని. ఆ గంటలోనే బ్యాంకు మేడమ్ ఊడిపడింది.

"సాయంత్రానికి కావాలమ్మా, రెండు కుట్లే కదా."

"రెండింటికి రండి, వేసిస్తాను."

"ఊరికే కూర్చున్నావుగా!"

"ఊరికే కాదండీ, కుట్టుకుంటున్నాను."

మేడమ్ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. నెల దాకా ఇటు తొంగిచూడలేదు. టైలరమ్మకి లోపల బెదురుగానే ఉంది. అయినా అట్టముక్క తియ్యలేదు.

చూపు మునుపటిలా లేదు. కొత్తగా కుట్టిన మొదటి కాకి అచ్చం కోడిలా వచ్చింది. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. పాత కాకులు వెలిసి బూడిదరంగుకి తిరిగాయి, కొత్తవి నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"పాతవి విప్పేసి మళ్ళీ కుట్టు, ఎబ్బెట్టుగా ఉంది" అంది ఆడపడుచు.

"అవి పద్నాలుగేళ్ళు బీరువాలో మగ్గాయి వదినా. మగ్గినట్టే కనబడనివ్వండి."

వానలు వెనకబట్టాక దుప్పటి మంచమెక్కింది. ఆడపడుచు చుట్టూ తిరిగి చూసి, ముప్పయ్యో కాకి దగ్గర ఆగింది. నడుం మీద చెయ్యేసుకున్నట్టు రెక్క విరుచుకుని, నోరు బార్లా తెరిచి ఉందది.

"ఇదేంటే, నన్నే కసిరేటట్టుంది?"

"మిమ్మల్ని చూసే కుట్టాను."

ఆడపడుచు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగి చూసింది.

"నా ముక్కు మరీ అంత పొడుగా?"

"కాస్త తగ్గించే కుట్టాను వదినా" అంది టైలరమ్మ, ఈసారి మాత్రం మనసారా నవ్వుతూ.