జాఫ్నా శివం అడిగిన సలహా

మిత్రుడు మల్లేశాన్ని చూడ్డానికి ఖతర్ వెళ్లినప్పుడు, లుసైల్‌లో వాళ్ల ఆఫీసు దగ్గరున్న చాయ్ కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టు నడిపే శివం శ్రీలంకలోని జాఫ్నా తమిళుడు. మేం తెలుగువాళ్లమని తెలియగానే వచ్చీరాని హిందీలో మనసులో మాట బయటపెట్టాడు.

"మా తమిళులకి భూమి మీద అధికారం లేదు, పోలీసు మీద లేదు. మా రాష్ట్ర కౌన్సిల్‌కి ఎన్నికలే పెట్టరు. రేపు మా పిల్లల గతేంటి? మీరు యుద్ధం లేకుండా రాష్ట్రాన్ని రెండు చేసుకున్నారు. ఎలాగో చెప్పండి, భాయ్."

నాది కాకినాడ, మల్లేశానిది కరీంనగర్. గర్వంగా గొంతు సవరించుకున్నాం.

"మేం పెద్దమనసుతో ఇచ్చేశాం," అన్నాను.

"మీరిచ్చుడేందిరా? కొట్లాడి తెచ్చుకున్నం!"

హైదరాబాద్‌ని ఎవరు కట్టారన్న దగ్గర మొదలై, కృష్ణా నీళ్ల మీదుగా, పచ్చి పులుసు అసలు పులుసేనా అన్నదాకా వెళ్లాం. లోపల పరోటాలు కాలుస్తున్న సింహళ వంటవాడు అట్లకాడతో పరుగెత్తుకొచ్చి మల్లేశాన్ని పట్టుకున్నాడు. శివం నన్ను పట్టుకున్నాడు. చెరో మూల కూర్చోబెట్టి, చెరో చాయ్ చేతిలో పెట్టారు.

తర్వాత వాళ్లిద్దరూ సింహళంలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు.

"ఏమనుకుంటున్నారు?" అని శివాన్ని అడిగాను.

"మా దేశం గురించి మేమిద్దరం ఒక మాట మీదికి రావడం ఇదే మొదటిసారి, భాయ్," అన్నాడు శివం. "మిమ్మల్ని మాత్రం సలహా అడక్కూడదని."