గుమ్మం మీద జపాను కాగితం

మొన్న ఆదివారం మా అక్క కూతురు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కాశిబుగ్గలోని నా గదికి వచ్చింది. ఆ పిల్లది విచిత్రమైన ఉద్యోగం. ఎక్కడెక్కడి దేశాల్లోనో తయారైన వీడియో గేముల్లోని మాటలను ఇంట్లో కూర్చుని తెలుగులోకి మారుస్తుంది. రాక్షసులకు తెలుగు పేర్లు పెట్టడం కూడా ఒక బతుకుతెరువేనని మా కాలంలో ఎవరైనా అంటే నవ్వేవాళ్లం. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక, నాకు అర్థమైతే లోకానికంతా అర్థమైనట్టేనని దాని లెక్క. ఏదైనా మాట దగ్గర బండి ఆగిపోతే నా దగ్గరికి వస్తుంది. నేను చాయ్ పెడతాను, అది అడుగుతుంది, నేను చెబుతాను. ఎన్నడూ నాకు కష్టం కాలేదు.

"చిన్నమ్మా, గిది జూడు. పాత జపాను ఆట, మళ్ల కొత్తగ తెస్తాండ్రు. దయ్యాలు మనిషి మీదికి ఒకటి ఇసురుతయి. దాన్ని చేతబడి అనాల్నా, బాణామతి అనాల్నా?"

తెర వైపు చూశాను. తెల్ల అంగీ, ఎర్ర కుచ్చుల పావడా వేసుకున్న ఒక ఆడమనిషి గాలిలో ఎగురుతోంది. చేతిలోంచి పొడుగాటి కాగితపు ముక్కలు విసురుతోంది. ఒంటి కన్ను గొడుగు దయ్యం, నాలుక చాపిన లాంతరు దయ్యం ఆ కాగితం తగలగానే పొగై పోతున్నాయి. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ ఆడమనిషిని నేను రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేదాన్ని.

అప్పట్లో హన్మకొండ చౌరస్తాకు రెండు సందుల అవతల మా బావకు వీడియో గేముల దుకాణం ఉండేది. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో సంసారం. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు ఇంకొకరిని తెచ్చుకుంటే, వర్ధన్నపేట దగ్గరి మా ఊరి నుంచి ఒక రేకు పెట్టె పట్టుకుని నేను అక్క ఇంటికి చేరాను. బావ మంచివాడే. నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు, చీపురు ఎక్కడుందో చూపించాడు. ఊడ్చడం, మిషన్లు తుడవడం, మధ్యాహ్నం బావ అన్నానికి లేస్తే దుకాణం చూసుకోవడం నా పని. అక్కకు ఏడాది పిల్ల. ఇవాళ నన్ను మాట అడుగుతున్నది ఆ పిల్లే. నడుమున్న తలుపు గడపలో కూర్చుని మిషన్ల మోతకు చప్పట్లు కొట్టేది. వచ్చిన ప్రతివాడూ దాని బుగ్గ గిల్లి పోయేవాడు.

ఈ జపాను మిషన్ సికింద్రాబాదు నుంచి లారీలో వచ్చింది. ఎవరో వాడి అమ్మినది. పెద్ద బీరువా అంత ఉంది, పైన ఆ ఆడమనిషి బొమ్మ. వెనక తలుపు తీస్తే లోపల రబ్బరు బ్యాండు చుట్టిన ఒక కాగితాల కట్ట దొరికింది. ఆటలో ఆమె విసిరే కాగితాలే, సన్నగా పొడుగ్గా, మీద ఎర్రటి రాత. ఆడేవాళ్లకు ఊరికే పంచడానికి కంపెనీవాళ్లు పెట్టి ఉంటారు. బావ చేతిలో తిప్పి చూసి, "ఏం రాసిండ్రో వాళ్లకే ఎర్క" అని నాకిచ్చి చెత్తలో వేయమన్నాడు. నేను వేయలేదు. ఒక్కటి దాచుకున్నాను.

ఎందుకు దాచానో చెప్పాలి. నాకప్పుడు ఏ అక్షరమూ తెలియదు. బస్సు మీది రాతా, బియ్యం సంచి మీది రాతా, జపాను రాతా అన్నీ నాకు ఒకటే. చదివినవాళ్లందరూ అవన్నీ చదవగలరనుకునేదాన్ని. కానీ ఆ ఆట మాత్రం అర్థమైంది. మా ఊళ్లో దయ్యం పట్టేది ఎప్పుడూ ఆడదానికే, వదలగొట్టేది ఎప్పుడూ మగవాడే, వేపమండలతో దెబ్బలు తినేదీ ఆడదే. ఇక్కడ ఒక ఆడది చిన్న కాగితం ముక్కతో దయ్యాలను తరుముతోంది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అక్కా నేనూ ఆడాం. అక్క మూడుసార్లు చచ్చింది. "నాకెందుకే, నేను ఇంట్ల రోజు సస్తనే ఉన్న" అని నవ్వింది. ఇద్దరం ఎంత నవ్వామంటే నిద్రపోతున్న పిల్ల లేచి ఏడ్చింది.

దసరాకు ఆయుధపూజ కదా, మిషన్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. పట్టుకుని తిప్పే కడ్డీలకు కూడా పెట్టడంతో పండుగ తెల్లారి వచ్చినవాళ్లందరూ పసుపు చేతులతో ఇళ్లకు పోయారు. బావ తిట్టాడు. మిగిలిన పసుపు కుంకుమలను నేను దాచిన కాగితానికి పెట్టి, పిల్ల కూర్చునే గుమ్మం పైన అంటించి, కింద నిమ్మకాయ కట్టాను. పదిమంది కళ్లు పడే పిల్ల. దయ్యాలను తరిమిన కాగితం దిష్టిని తరమదా? బావ చూశాడు. "మంచిగనే ఉన్నది, దుకాణానికి షో వచ్చింది" అన్నాడు.

నెల తిరగకుండా పిల్లకు జ్వరం వచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. దవాఖానలో మూడు రోజులు పెట్టి పంపారు. మళ్లీ వచ్చాయి. అప్పుడు బావ తల్లి ఊరి నుంచి ఒక మంత్రగాడిని వెంటబెట్టుకుని వచ్చింది. అతను ఇల్లంతా తిరిగి గుమ్మం కింద ఆగాడు. తల ఎత్తాడు.

"గిది ఎవరు పెట్టిండ్రు?"

"నేనే" అన్నాను. చెప్పడానికి భయమేముంది?

"ఏం రాసున్నది దీంట్ల?"

"నాకు సదువు రాదు."

"సదువు రానిదానివి ఎవలతోని రాయించినవ్?" అంది బావ తల్లి. "మొగడు ఇడిసిపెట్టినదానికి పచ్చని సంసారం జూస్తే కడుపు మండదా? పసిపిల్ల మీద బాణామతి చేస్తవా?"

వాకిట్లో సందువాళ్లంతా చేరారు. చదువుకున్న ఇద్దరు ముగ్గురు మంత్రగాడు పీకి చూపించిన ఆ కాగితం చూసి తలలు అడ్డంగా ఊపారు. చదువుకున్నవాళ్లు చదవలేనిది మంత్రం కాక ఇంకేమవుతుంది? మా ఊరి పక్క ఊళ్లో ఇదే మాట పడ్డ ఒకామెకు పళ్లు ఊడగొట్టారు. బావ వైపు తిరిగాను.

"బావా, గది మిషన్ల నుంచి వచ్చిందని చెప్పు. కట్ట నువ్వే తీస్తివి గదా!"

బావ ఆ మిషన్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి దాని మీదే ఉంది. అందులోంచి వచ్చిందంటే దాన్ని సందులోకి ఈడ్చి పగలగొట్టేవాళ్లు. దుకాణానికి జనం వచ్చేదే ఆ ఆట కోసం. బావ నా వైపు చూడలేదు.

"నాకేం ఎర్క? నేను పనిల ఉంట" అన్నాడు.

అక్క పిల్లను గుండెకు గట్టిగా పట్టుకుంది, నేను లాక్కుంటానన్నట్టు. "కొన్ని దినాలు ఎటన్న పోరాదే" అంది మెల్లగా. అక్క నాతో నవ్విన నోటితోనే ఆ మాట అంది. వాళ్లు నన్ను కొట్టలేదు. కొట్టక ముందే పొమ్మని అక్క నాకు మేలు చేసిందని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. ఆ కాగితాన్ని కాల్చమని మంత్రగాడు కింద పడేస్తే, తమకు తగులుకుంటుందని ఎవరూ ముట్టలేదు. పెట్టె సర్దుకుంటూ నేనే తీసుకున్నాను.

వారం తర్వాత మరిచిపోయిన చీరల కోసం వెళ్తే, సికింద్రాబాదు మనిషి మిషన్ వెనక తలుపు తీసి ఆట ఉండే లోపలి పలక మారుస్తున్నాడు. ముందున్న బొమ్మ చించేశారు. తెర మీద అదే ఆడమనిషి, కానీ చేతిలో కాగితాలు లేవు, నిప్పుముద్దలు విసురుతోంది. దయ్యాల బదులు ఇనుప పురుగులు వస్తున్నాయి. "గిది ఫారిన్‌కు పంపే రకం" అని బావ ఎవరికో గొప్పగా చెబుతున్నాడు. అంటే కాగితం ఎక్కడిదో తెలిసే, మిషన్ నుంచి ఆనవాలు లేకుండా తీయించాడు. నా మీద పడ్డ మాటను మాత్రం తీయలేదు.

తర్వాత ములుగులో ఒక హాస్టల్ వంటింట్లో ఇరవై ఏళ్లకు పైగా పెద్ద అన్నం గంజులు దించాను. పిల్లకు ఫిట్స్ హైదరాబాదు మందులతో తగ్గాయని విన్నాను. నన్ను పంపడం వల్లే తగ్గాయని కూడా విన్నాను. ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెడితే మొదట చేరింది నేనే. అఆలు, గుణింతాలు, వత్తులు పూర్తయిన రోజున పెట్టె తెరిచి ఆ కాగితం ముందు పెట్టుకున్నాను. ఒక్క అక్షరం కలవలేదు. "గిది మన రాత కాదమ్మా" అంది పంతులమ్మ. ఒక ముసలామె అన్నేళ్ల తరువాత పలక పట్టి ఏడవడం చూసి, సంతోషంతో అనుకుంది పాపం.

ఆ పని మానేశాక కాశిబుగ్గలో గది తీసుకున్నాను; అక్క పోయాక పిల్లే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మొన్న ఆ కాగితమే తీసి దాని ముందు పెట్టాను. సంబరపడి ఫోను కెమెరా పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"దీంట్ల ఏం లేదు చిన్నమ్మా. రాతలెక్క కనబడాల్నని గీసిన గీతలు గంతే. జపానోళ్లు గూడ సదవలేరు." తర్వాత రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి చూపించింది. "బయటి దేశాలోళ్లకు మంత్రాలు, దయ్యాలు నచ్చయేమోనని గప్పట్ల ఇవన్ని తీసేసి పంపిండ్రు. జర కూడ ఎవల మనసు నొవ్వద్దని."

సముద్రాల అవతల ముఖం తెలియనివాళ్ల మనసు కోసం అంత పని చేశారన్న మాట.

అది నవ్వుతూనే ఉంది. "నిన్న నాయినకు గూడ చూపించిన. మస్తు నవ్విండు. గా కాయితాలు మిషన్ల కట్ట కట్టి వచ్చినయట గదా! చెత్తల ఎయ్యమంటే నువ్వు గుమ్మానికి కట్టినవట. మరి అమ్మ బతికున్నప్పుడు నువ్వు అలిగి పోయినవని ఎందుకు చెప్పేది?"

చాయ్ చల్లారి పైన మీగడ కట్టింది.

"మీ నాయినను ఒకసారి ఇక్కడికి తోలుకరా బిడ్డా. గా కాయితాలు మిషన్లనే వచ్చినయన్న మాట నా ముంగట అనుమను. నవ్వకుంట అనుమను."

దాని ముఖంలో నవ్వు పోయింది. లాప్‌టాప్ మూసింది. ఏ మాట రాయాలో మళ్లీ అడగలేదు.

బావ ఇంకా రాలేదు. చౌరస్తా నుంచి కాశిబుగ్గకు ఆటోలో ఇరవై నిమిషాల దారి. ఆ ఒక్క మాటకు ముప్పై ఏళ్లు పట్టింది, అదీ దారి తప్పి వచ్చింది.